ఓసీడీ తగ్గుతున్న కాలంలో వచ్చే గడ్డు రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓసీడీకి (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్; వద్దన్నా వచ్చిపడే ఆలోచనలు, వాటిని చల్లార్చడానికి మళ్ళీ మళ్ళీ చేసే పనులతో సతాయించే మానసిక జబ్బు) చికిత్స తీసుకుంటున్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలు ఏళ్ళు గడిచినా పెద్దగా మారలేదు. అడిగే మనిషి మారతాడు, డౌటు అదే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. తలుపు తాళాలు, గ్యాస్ నాబ్‌లు, ఎవరికైనా హాని చేస్తానేమోనన్న ఆలోచనలు, వీటితో పదేళ్ళకు పైగా వేగినవాణ్ణి. భయం పుట్టించే ఆలోచన రాగానే దాన్ని చల్లార్చడానికి మళ్ళీ మళ్ళీ చేసే పనిని (కడగడం, చూసుకోవడం, లెక్కపెట్టడం, అడగడం, మనసులో జపించడం ఏదైనా సరే) ఇక్కడ "తంతు" అంటున్నాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న చదువుకోండి.

## చికిత్స మొదలైన కొత్తలో

మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది. ఏం తేడా లేదు. నాకు పనిచెయ్యవేమో?

మూడు వారాలకే తీర్పు చెప్పెయ్యడం తొందరపాటు. ఓసీడీకి ముందుగా ఇచ్చేవి డిప్రెషన్‌కీ వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు: ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవాక్సమిన్ లాంటివి. డిప్రెషన్‌లో కంటే ఓసీడీలో ఇవి నిదానంగా పనిచేస్తాయి. డోసు కూడా చాలాసార్లు ఎక్కువే కావాలి. సరైన డోసులో 8 నుంచి 12 వారాలు వాడాకే మందు పనిచేసిందా లేదా అని డాక్టర్లు లెక్క చూస్తారు. మొదట్లో వికారం, నిద్ర పట్టకపోవడం, కంగారు పెరగడం ఉండొచ్చు. భరించలేనంతగా ఉంటే డాక్టర్‌కి చెప్పండి, మీకు మీరే ఆపెయ్యకండి. ముఖ్యంగా చిన్న వయసువాళ్ళకి, చచ్చిపోవాలన్న ఆలోచనలు కొత్తగా మొదలైతే అదే రోజు చెప్పాలి.

తగ్గడం కూడా స్విచ్ వేసినట్టు ఉండదు. నా విషయంలో ముందు గమనించింది నేను కాదు, మా ఆవిడ. "ఇవాళ తాళం ఒక్కసారే లాగి చూశారు" అంది. నాకు ఆ సంగతే తెలియదు.

థెరపీకి వెళ్ళడం మొదలుపెట్టాక టెన్షన్ ఇంకా పెరిగింది. ఇదెక్కడి వైద్యం?

మీరు చేస్తున్నది ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అయితే, కొత్తలో టెన్షన్ పెరగడం మామూలే. భయపెట్టే దానికి ఎదురుగా నిలబడడం, తంతు మాత్రం చెయ్యకుండా ఉండడం, అంతే ఈ పద్ధతి. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ లండన్‌లో ఇద్దరు రోగుల మీద ప్రయత్నించి రాసినదాని నుంచి ఇది పెరిగింది. ఇప్పుడు ఓసీడీకి అన్నిటికంటే గట్టి ఆధారాలున్న మానసిక చికిత్స ఇదే.

ఇన్నాళ్ళూ భయం వెయ్యగానే తంతు చేసి చల్లబడేవారు. ఇప్పుడు ఆ చల్లదనం మీరే మానుకున్నారు కాబట్టి వేడి తెలుస్తుంది. అయితే ఒక మాట. మెట్లు ఎక్కినట్టు తేలికైన భయం నుంచి పెద్ద భయానికి వెళ్ళాలి. మొదటి వారంలోనే నిద్ర, తిండి, ఉద్యోగం తలకిందులవుతుంటే మెట్టు మరీ ఎత్తుగా ఉందన్నమాట. థెరపిస్ట్‌తో ఆ మాటే చెప్పండి, తగ్గించి ఇస్తారు. చెప్పకుండా మానేసేవాళ్ళూ ఉంటారు. నేనూ ఒకసారి మానేశాను. ఐదు నెలలు పోయాయి.

రెండు వారాలు హాయిగా ఉన్నాను. ఇవాళ లేచేసరికి అంతా మళ్ళీ మొదటికొచ్చింది. ఇన్నాళ్ళ కష్టం గంగపాలేనా?

కాదు. మొదటికొచ్చినట్టు *అనిపిస్తుంది*, రాదు. చికిత్సలో పాత భయం మెదడులోంచి చెరిగిపోదు. దాని పక్కనే "తంతు చెయ్యకపోయినా ఏమీ కాలేదు" అన్న కొత్త పాఠం చేరుతుంది. ఏ రోజు ఏది గట్టిగా వినిపిస్తుందన్నది నిద్ర, అలసట, చోటు, ఒత్తిడి, ఇలా చాలావాటి మీద ఆధారపడుతుంది. అణిగిపోయిన ప్రతిచర్య కొంత విరామం తర్వాత దానంతటదే తిరిగి తల ఎత్తుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లోనే చూశాడు. అలా తిరిగొచ్చినదాన్ని పోషించకపోతే మళ్ళీ అణగడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

గడ్డు రోజున ఆలోచన వచ్చిందా లేదా అని చూడకండి. అది మీ చేతిలో లేదు. వచ్చాక మీరేం చేశారన్నదే లెక్క.

## ఆ రోజు నడుస్తుండగా

పొద్దున కళ్ళు తెరవగానే తెలిసిపోతుంది, ఇవాళ బాగోలేదని. రోజంతా ఎలా గడపాలి?

ముందు ఆ "కళ్ళు తెరవగానే" సంగతి చూద్దాం. చాలామందికి మెలకువ రాగానే "ఇవాళ ఎలా ఉంది? ఆలోచన ఉందా, పోయిందా?" అని లోపల తడిమి చూసుకునే అలవాటు ఉంటుంది. వెతికితే దొరకకుండా ఎలా ఉంటుంది? ఇదీ తంతే. నా దృష్టిలో కోలుకుంటున్నవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ సతాయించే తంతు ఇదే, ఎందుకంటే చూడ్డానికి జబ్బులా కాక జాగ్రత్తలా ఉంటుంది.

లేవగానే మంచం దిగండి. మొహం కడుక్కోండి, ఒక్కసారే. ఆ రోజు పనుల్లో తప్పనివి రెండో మూడో ఉంచుకుని మిగతావి వాయిదా వెయ్యండి, కానీ అన్నీ రద్దు చేసి పడుకోవద్దు. ఖాళీ మనసు దొరికితే ఓసీడీకి పండగే. స్నానం, తిండి, మందు, కాసేపు నడక, ఒక చిన్న పని. బుర్ర వెనక రేడియో మోగుతూనే ఉంటుంది, ఉండనివ్వండి. రేడియో మోగుతుండగా గిన్నెలు తోముకోలేమా?

తంతు చెయ్యకుండా అస్సలు ఉండలేకపోతున్నాను. ఒక్కసారి చేసేస్తే వదిలిపోతుంది కదా?

ఒక్కసారి చేస్తే వదిలిపోయేదైతే దీనికి జబ్బు అన్న పేరే ఉండేది కాదు. చేసిన క్షణంలో హాయిగానే ఉంటుంది, అదే చిక్కు. "చేశాను కాబట్టే గండం గడిచింది" అని మెదడు రాసుకుంటుంది, తర్వాతి పిలుపు ఇంకా గట్టిగా వస్తుంది.

అలాగని గడ్డు రోజున "చేస్తే ఓడాను, చెయ్యకపోతే గెలిచాను" అన్న లెక్క పెట్టుకోవద్దు. మధ్యలో చాలా చోటుంది. వాయిదా వెయ్యడం ఒకటి: "పది నిమిషాలాగి చేస్తాను" అని గడియారం చూసి వేరే పనిలో పడండి. పది అయ్యాక ఇంకో పది అడగండి. కొన్నిసార్లు ఆ కోరిక మధ్యలోనే నీరుగారిపోతుంది. గారకపోయినా, ఆ ఇరవై నిమిషాలు మీరు దాన్ని మోశారు.

కుదించడం ఇంకోటి. ఏడుసార్లు కడిగేవాళ్ళు మూడింటితో ఆపెయ్యడం, ఆ మూడూ లెక్క సరిపోని అంకెలా అనిపిస్తే మరీ మంచిది. నాకు బాగా పనికొచ్చింది మాత్రం చెడగొట్టడం. తాళం లాగి చూసి తీరాలనిపిస్తే ఒకసారి చూసి, మెట్లు దిగుతూ "సరిగ్గా పడిందో లేదో, ఎవరికి తెలుసు" అని పైకే అనేవాణ్ణి. తంతు ఇచ్చే నిశ్చింత అక్కడికక్కడే చెడిపోయేది. వీధి మలుపు దాకా కడుపులో దేవినట్టుండేది, ఆ తర్వాత బస్సు గోల.

ఇవేవీ కుదరక పూర్తిగా చేసేశారనుకోండి. చేసేశారు. తర్వాతి పిలుపు ఎలాగూ వస్తుంది, అప్పుడు మళ్ళీ ప్రయత్నించొచ్చు.

ఎప్పుడూ వచ్చేది ఓసీడీయే అని తెలుసు. కానీ ఈసారి వేరేగా ఉంది. ఇది నిజమైతే?

"ఈసారి వేరు" అన్నది ఓసీడీ పాడే పాటల్లోకెల్లా పాతది. నేను వందలసార్లు విన్నాను, ప్రతిసారీ కొత్తగానే ఉండేది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. దానికి జవాబు చెప్పేకొద్దీ పెరుగుతుంది. "కాదు, నిజం కాదు" అంటే రుజువు అడుగుతుంది. రుజువు చూపిస్తే రుజువు మీద అనుమానం. అందుకని వాదనలోకి దిగకుండా "కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు తేల్చను" అని వదిలెయ్యండి. ఈ మాట అన్నాక మనసు తేలికపడదు, భయం కాసేపు పెరుగుతుంది కూడా. తేలికపడడం కోసం అంటే ఇదీ ఇంకో తంతు అయిపోతుంది. ఒక్కసారి అని పనిలోకి వెళ్ళిపోవడమే.

మా పాపకి నేనే ఏదైనా చేసేస్తానేమో అన్న ఆలోచన వస్తోంది. నేనంత దుర్మార్గురాలినా? ఎవరికైనా చెబితే పాపని నా దగ్గర ఉంచుతారా?

దుర్మార్గులకి ఈ ఆలోచనతో చెమటలు పట్టవమ్మా. ఓసీడీ మనం దేన్ని ఎక్కువగా ప్రేమిస్తామో దాని మీదే గురిపెడుతుంది: పిల్లల్ని ప్రాణంగా చూసుకునే తల్లికి హాని ఆలోచనలు, భక్తిగల మనిషికి దేవుడి మీద బూతులు. 1978లో స్టాన్లీ రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే సైకాలజిస్టులు ఏ జబ్బూ లేనివాళ్ళని అడిగి చూస్తే, వాళ్ళలోనూ ఎక్కువమందికి ఇలాంటి ఆలోచనలు వస్తాయని తేలింది. తేడా ఏమిటంటే వాళ్ళు "ఛీ" అనుకుని వదిలేస్తారు, మనం పట్టుకుని విచారణ జరుపుతాం. కాన్పు తర్వాత తల్లుల్లో ఇవి మొదలవడం, ఎక్కువవడం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే.

ఓసీడీ గురించి బాగా తెలిసిన సైకియాట్రిస్ట్‌కో, సైకాలజిస్ట్‌కో ఉన్నదున్నట్టు చెప్పండి. కత్తులు దాచడం, పాపని ఎత్తుకోకపోవడం లాంటివి మొదలైతే అవే తంతులై కూర్చుంటాయి. అయితే ఆ ఆలోచన భయంలా కాక కోరికలా ఉన్నా, అలా చెయ్యమని గొంతులు వినిపిస్తున్నా, అలా చెయ్యడమే పాపకి మేలని నమ్మకం కలుగుతున్నా, అది వేరే విషయం. వెంటనే, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ ఆలోచన రాకుండా ఆపడానికి ఏదైనా చిట్కా ఉందా?

లేదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్ట్ కొందరిని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు, వస్తే గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. పైగా తర్వాత ఆలోచించొచ్చు అని వదిలేస్తే, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ళ కంటే వీళ్ళకే ఎక్కువసార్లు వచ్చింది. తోసేస్తే తిరిగొచ్చే దానితో కుస్తీ ఎందుకు? ఓ మూల కూర్చోనివ్వండి.

నేను చేతులతో ఏమీ చెయ్యను. అంతా మనసులోనే నడుస్తుంది. దాన్ని ఎలా ఆపాలి?

ఇది కష్టమైనదే, కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్ళకీ అర్థం కాదు. జరిగింది మళ్ళీ మళ్ళీ తిరగేసుకోవడం, చెడ్డ మాట రాగానే దానికి విరుగుడుగా మంచి మాట అనుకోవడం, అంకెలు, క్షమాపణలు. ముందు రెండింటినీ విడదీసి చూడండి: దానంతటదే వచ్చి పడేది ఆలోచన, మీరు పనిగట్టుకుని చేసేది తంతు. మొదటిదాన్ని ఆపలేం, రెండోదాన్ని మధ్యలో వదిలెయ్యొచ్చు. వాక్యం సగంలో ఉన్నా సరే వదిలెయ్యండి. అప్పటికే పూర్తయిపోతే, ఆ భయపెట్టిన ఆలోచనని మీరే ఒకసారి మళ్ళీ పిలవండి. విరుగుడు పనిచెయ్యకుండా పోతుంది.

ధ్యానం, శ్వాస వ్యాయామం చేస్తే తగ్గుతుందా?

కొంతమందికి మంచిదే. "ఆలోచన వచ్చింది, వెంటనే పది శ్వాసలు తీసుకోవాలి, లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి" అనే దాకా వస్తే మాత్రం, చేతులు కడగడానికీ దానికీ తేడా లేదు.

ఇలాంటి పేజీలు పదే పదే చదువుతున్నాను. మంచిదేనా?

ఇవాళ ఇది మూడోసారి చదువుతుంటే, మూసెయ్యండి.

## మర్నాడు

నిన్న గంటసేపు చేతులు కడిగాను. మూడు నెలలుగా అంతసేపు ఎప్పుడూ లేదు. జబ్బు తిరగబెట్టినట్టేనా?

కాలు జారడం వేరు, కొండ కింద పడిపోవడం వేరు. మద్యం మానేసినవాళ్ళ మీద పనిచేసిన అలన్ మార్లాట్ ఈ తేడానే పట్టుకున్నాడు. ఒక్క గ్లాసు కంటే, "తాగేశాను, ఇక నావల్ల కాదు" అన్న నిరాశే మనిషిని ఎక్కువ ముంచుతుందని అతని వాదన. ఓసీడీలోనూ అంతే.

చెయ్యాల్సింది చిన్నదే. ఎక్కడ జారారో అక్కడే ఇవాళ ఒక చిన్న సాధన చెయ్యండి. నిన్న తలుపు పిడి ముట్టుకుని గంట కడిగితే, ఇవాళ అదే పిడి ముట్టుకుని కడగకుండా పది నిమిషాలు ఉండండి. నిన్నటి గంటకి ప్రాయశ్చిత్తంగా ఇవాళ పెద్ద సాహసం చెయ్యనక్కర్లేదు. ప్రాయశ్చిత్తం అన్న మాటే ఓసీడీ నిఘంటువులోది.

అసలు నిన్న ఎందుకొచ్చిందో కారణం తెలిస్తే మళ్ళీ రాకుండా చూసుకోవచ్చు కదా?

కొంతవరకే. నిద్ర చాలకపోవడం, జ్వరం, పరీక్షలు, ఇంట్లో గొడవ, చాలామంది ఆడవాళ్ళకి నెలసరి ముందు రోజులు, ఇవన్నీ ఓసీడీని రేపుతాయి. సంతోషాలూ రేపుతాయి: పెళ్ళి, కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు. పోగొట్టుకోవడానికి ఏదో చేతికొచ్చింది కదా మరి. ఐదు నిమిషాలు ఆలోచించండి. నిద్ర లాంటి సరిదిద్దగల కారణం దొరికితే సరిదిద్దండి. దొరకకపోతే వదిలెయ్యండి. కారణం లేకుండా కూడా వస్తుంది. "కారణం తేలేదాకా కదలను" అనుకుంటే, అది కొత్త తంతుకి శంకుస్థాపన.

రోజూ ఎన్ని ఆలోచనలు వచ్చాయో డైరీలో రాయాలా?

ఆలోచనల లెక్క వద్దు. లెక్కపెడుతుంటే కాపలా కాసినట్టే. రాస్తే ఏం చేశారో రెండు ముక్కలు రాయండి: "గ్యాస్ ఒకసారే చూశాను. సాయంత్రం నడవడానికి వెళ్ళాను." డాక్టర్లు జబ్బు తీవ్రత కొలవడానికి 1989లో వేన్ గుడ్‌మన్ బృందం తయారుచేసిన యేల్-బ్రౌన్ స్కేల్ వాడతారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. సాధారణంగా 12 లేదా అంతకంటే తక్కువకి దిగితే జబ్బు నెమ్మదించిందంటారు. సున్నా అక్కర్లేదని గమనించండి. ఆ స్కేలు గడిచిన వారం గురించి అడుగుతుంది. రోజూ పొద్దునా సాయంత్రం మీరే వేసుకుని చూసుకోవడానికి పనికిరాదు.

## ఇంట్లోవాళ్ళు అడిగేవి

మా ఆయన "గ్యాస్ కట్టేశానా?" అని ఇరవైసార్లు అడుగుతారు. "కట్టేశారు" అంటే తప్పేముంది? పాపం అనిపిస్తుంది.

పాపం అనిపించడం సహజమే. ఇంట్లో ఒకరికి ఓసీడీ ఉంటే మిగతావాళ్ళు ఏదో ఒక రకంగా అందులో భాగం కావడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగేదే. కానీ మీరిచ్చే "కట్టేశారు" ఆయన చేసే తంతులో సగం భాగం. అలాగని రేపటినుంచి ఉన్నట్టుండి నోరు కుట్టేసుకున్నా ఆయన బిక్కచచ్చిపోతారు.

ఇద్దరూ బాగున్న రోజున కూర్చుని ముందే ఒప్పందం చేసుకోండి. మేం చేసుకున్నది ఇది: మొదటిసారి అడిగితే జవాబు. రెండోసారి నుంచి మా ఆవిడ "ఇది ఓసీడీ అడుగుతోంది, దానికి నేను జవాబు చెప్పను. మీకు కష్టంగా ఉందని తెలుస్తోంది, రండి, కూరగాయలు తరుగుదాం" అనేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒకసారి కత్తిపీట ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను కూడా. తను మాత్రం గొంతు పెంచేది కాదు, జవాబూ చెప్పేది కాదు.

కోప్పడితే, సిగ్గు తెచ్చుకునేలా నలుగురిలో అంటే మానేస్తాడా?

మానడు, దాచుకుంటాడు. అర్థం లేని పని అని అతనికి మీకంటే బాగా తెలుసు.

## చాలాకాలం బాగున్నాక

ఆర్నెల్లుగా బాగున్నాను. మందులు ఆపెయ్యొచ్చా?

మీకు మీరుగా వద్దు. బాగుపడ్డాక కూడా కనీసం ఒకటి రెండేళ్ళు వాడమనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు. ఆ తర్వాత కూడా నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టుండడం లాంటివి రావొచ్చు, వాటిని చూసి జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు. గడ్డు రోజున మందు గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి, పెంచాలనైనా, మానాలనైనా.

మామూలు గడ్డు రోజుకీ, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన దానికీ తేడా ఎలా తెలుస్తుంది?

రోజు కాస్తా వారాలైతే. నేను పెట్టుకున్న గీత రెండు వారాలు: వరసగా రెండు వారాలు తంతులకి రోజుకి గంటకు మించి పోతుంటే, లేదా వెళ్ళే చోట్లు, ముట్టుకునే వస్తువులు, కలిసే మనుషులు ఒక్కొక్కటిగా తగ్గిపోతుంటే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పోవడం తోడైతే రెండు వారాలు కూడా ఆగక్కర్లేదు, ఓసీడీతో పాటు డిప్రెషన్ రావడం చాలా మామూలు. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. పక్కనున్న మనిషికి ఆ మాటే చెప్పి, ఆ గంటలోనే అత్యవసర సహాయం తీసుకోండి.

మీకు ఇప్పటికీ ఇలాంటి రోజులు వస్తాయా?

వస్తాయి. కిందటి నెలలో ఒకటి వచ్చింది. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు. ఆఫీసుకి బయలుదేరి వీధి చివరి దాకా వెళ్ళాక తాళం సంగతి గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి లాగి చూశాను. మళ్ళీ వీధి చివరి దాకా వెళ్ళాను. మళ్ళీ అదే అనుమానం. ఈసారి అక్కడే నిలబడ్డాను, బస్సు వచ్చేదాకా. రోజంతా ఆ తాళం నా చొక్కా జేబులో ఉన్నట్టే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీశాక గానీ గుర్తు రాలేదు, తాళం పడి ఉందో లేదో చూడకుండానే తీసేశానని.